ఎదిగే వయసు నవలలో స్నేహితుడే పోటీదారు అయినప్పుడు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. పాకాల దగ్గరి పల్లెలో కలిసి పెరిగిన ఇద్దరు అబ్బాయిలు 2008లో పదో తరగతి ముగించి ఇంటర్మీడియట్ చదువుకు తిరుపతి వస్తారు. మీ నవలలో మొదటి ఆరు అధ్యాయాల వరకూ వాళ్లు ప్రాణస్నేహితులు. ఏడో అధ్యాయంలో రెండోవాడు తన నోట్సును కథానాయకుడికి ఇవ్వకుండా దాచిపెడతాడు, అక్కడి నుంచి పోటీ మొదలవుతుంది. ఎనిమిదో అధ్యాయంలో కథానాయకుడు వాడిని కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చెయ్యమంటాడు, వాడు చెయ్యడు. చివర ఇద్దరూ అలిపిరి మెట్లెక్కి కొండ మీద రాజీపడతారు. చదివిన మిత్రులు రెండోవాడు ప్రతినాయకుడిలా కనిపించాడనీ, రాజీ నమ్మబుద్ధి కాలేదనీ అన్నారు. ముగింపు మార్చి ఇద్దరినీ విడదీయాలా అని మీరు అడుగుతున్నారు.

ముగింపును ఇప్పుడే ముట్టుకోకండి. లోపం ఏడో అధ్యాయంలో ఉంది. పోటీ ఏడో అధ్యాయంలో పుట్టకూడదు; మొదటి పుటలో, ఇద్దరూ ఒకే సైకిలు మీద బడికి పోతున్నప్పుడే అది స్నేహం లోపల ఉండాలి. మీరు ఆరు అధ్యాయాలు స్నేహానికీ మిగిలినవి పోటీకీ పంచి ఇచ్చారు. అందువల్ల ఏడో అధ్యాయంలో పాఠకుడికి వేరే మనిషెవరో కథలోకి వచ్చినట్టు అనిపిస్తుంది. అలా వచ్చినవాడు ఎంత మంచివాడైనా విలనుగానే కనిపిస్తాడు.

నేను తిరుపతిలో ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. సెలవుల్లో కొత్త రచయితలకు కథల కార్యశాలలు నడపడం అప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఇప్పటికీ మానలేదు. ఎదిగే వయసు గురించిన రాతప్రతులు ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి. వాటిలో ఎక్కువ భాగం మీరు ఆగిన చోటే ఆగిపోయినవి కనుక ఈ విషయంలో కొంత ధైర్యంగా మాట్లాడుతున్నాను.

పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో మనిషికి తానెవరో తెలియదు. ఇంట్లో వాళ్లు చెప్పేది నమ్మడు, అద్దం చెప్పేది అసలే నమ్మడు. తనను కొలుచుకోవడానికి అతనికి దొరికే కొలబద్ద పక్కనున్న స్నేహితుడు ఒక్కడే. వీపుకు వీపు ఆనించి నిలబడి ఎవరు పొడుగో చూడమని మూడోవాడిని పిలిచే పిల్లలను మీరు చూసే ఉంటారు. ఆ క్షణంలో వాళ్లు స్నేహితులా, పోటీదారులా? వీపులు ఆనకపోతే కొలత కుదరదు. పోటీ లేని పిల్లల స్నేహం కథలో బొమ్మల కొలువులా అందంగా ఉంటుంది, కదలదు.

మన పురాణాలలో ఇందుకు రెండు కథలున్నాయి. రెండింటిలోనూ ఒకే గురుకులంలో చదువుకున్న ఇద్దరు, వారిలో ఒకడు పేద, ఒకడు రాజభోగంలో ఉన్నవాడు. భాగవతంలోని కుచేలుడి కథ మనకందరికీ ప్రియమైనది. కట్టెల కోసం అడవికి పోయి గాలివానలో చిక్కుకున్న రోజును కృష్ణుడు గుర్తుచేసుకోవడం, కుచేలుడు అటుకుల మూటను దాచుకోవడం ఎన్నిసార్లు చదివినా కళ్లు చెమరుస్తాయి. అయితే అది ఎదుగుదల కథ కాదు. కథ మొదలయ్యేసరికే ఇద్దరూ ఎదిగి ఉన్నారు, ఎవరూ ఎవరితోనూ కొలుచుకోవడం లేదు. భారతంలోని ద్రోణ ద్రుపదుల కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. రాజయ్యాక తన భోగం నీదే అని చిన్ననాడు మాట ఇచ్చిన ద్రుపదుడి దగ్గరికి, పాల కోసం ఏడ్చే కొడుకున్న ద్రోణుడు వెళ్లి, నిండుసభలో అతన్ని స్నేహితుడా అని పిలుస్తాడు. ద్రుపదుడికి కోపం తెప్పించింది ద్రోణుడి పేదరికం కాదు, ఆ పిలుపు. సమానులకే గాని స్నేహం కుదరదంటాడు. తరువాత ద్రోణుడు శిష్యుల చేత అతన్ని బంధించి తెప్పించి, రాజ్యంలో సగం తాను ఉంచుకుని సగం తిరిగి ఇచ్చి, ఇప్పుడు మనం సమానులం కనుక స్నేహితులం అంటాడు. ఇంత చేసినవాడు ఆ స్నేహాన్ని ఒక్కరోజు కూడా మరచిపోలేదన్నది ఆ ఘట్టంలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే సంగతి. ద్రుపదుడు అక్కడితో ఊరుకోక ద్రోణుణ్ణి చంపే కొడుకు కోసం యజ్ఞం చేశాడు. మీ నవలకు పనికొచ్చే కథ ఇది. మీరు ఆరు అధ్యాయాల్లో కుచేలుణ్ణి రాసి, ఏడో అధ్యాయంలో హఠాత్తుగా ద్రుపదుణ్ణి తెచ్చారు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 1980లో నేనూ నా స్నేహితుడూ పదో తరగతి రాశాము. ఆ రోజుల్లో ఫలితాలు దినపత్రికలో హాల్‌టికెట్ నంబర్లుగా వచ్చేవి. తెల్లవారుజామున చిత్తూరు బస్టాండులో పేపరు కట్టలు దిగేదాకా కూర్చుని, మొదటి పేపరు కొని, దీపస్తంభం కింద విప్పుకున్నాము. ఆ అక్షరాలు చీమల బారుల్లా ఉండేవి. నాలుగేళ్ల తరువాత డిగ్రీలో ఉండగా ఆ ఉదయాన్ని కథగా రాశాను, ఒక వారపత్రికలో అచ్చయింది కూడా. ఆ కథలో చెప్పేవాడు ముందు స్నేహితుడి నంబరు వెతుకుతాడు, అది కనపడక గుండె జారిపోయాక గాని తన నంబరు చూసుకోడు. స్నేహితుడేమో పేపరు విసిరేసి అసూయతో మాట్లాడకుండా వెళ్లిపోతాడు. కథ బాగుందని చాలామంది అన్నారు. చాలా ఏళ్లకు నా స్నేహితుడు దాన్ని చదివి ఒక్క మాటే అన్నాడు: "పేపరు నా చేతిలో గదరా ఉండింది."

నిజమే. పేపరు అతని చేతిలో ఉంది. అతని వేలు ముందుగా నా నంబరు దగ్గర ఆగింది. "నీది ఫస్ట్ క్లాసురా" అన్నాక, ఆ వేలు రెండో తరగతి వరుసలోకి, అక్కడి నుంచి మూడో తరగతి వరుసలోకి దిగి, పుట చివర ఆగిపోయింది. ఆ వేలును చూస్తూ నేను ఏమీ మాట్లాడలేదు. లోపల నాకు కలిగినది జాలి ఒక్కటే కాదు, అందులో కొంత సంతోషం కూడా ఉంది. కథలో నేను రాయవలసినది ఆ సంతోషం. దాన్ని దాచడానికి అతన్ని అసూయపరుణ్ణి చేశాను. అబద్ధం చెబుతున్నానని రాసేటప్పుడు నాకు తెలియనే తెలియదు.

అందుకే కథ చెప్పేవాడు ఉదారంగా ప్రవర్తించిన ప్రతి సన్నివేశాన్నీ అనుమానించండి. మీ రాతప్రతిని తీసుకుని, కథానాయకుడు త్యాగం చేసిన చోట్ల, క్షమించిన చోట్ల, మౌనంగా బాధపడిన చోట్ల పెన్సిలుతో గీత పెట్టండి. ఆ పక్కనే రెండోవాడు ఏం చేశాడో చూడండి. ప్రతిసారీ ఇతడు మంచి, అతడు చెడ్డ అయితే, మీరు నవల రాయడం లేదు, పంచాయతీలో సాక్ష్యం చెబుతున్నారు.

ఏడో అధ్యాయానికి నేను కార్యశాలలో ఇచ్చే అభ్యాసమే మీకూ ఇస్తాను. ఆ అధ్యాయాన్ని రెండోవాడి వైపు నుంచి నాలుగు పుటలు రాయండి. ఆ నాలుగు పుటలూ నవలలో చేర్చనక్కరలేదు. వాడు నోట్సు ఎందుకు దాచాడో అక్కడ మీకే తెలుస్తుంది. నాకు తోచినది ఒకటి చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి. ఆ నోట్సు చివరి పుటలో వాడు రెండు నిలువు గీతలు గీసి, వారం వారం తన మార్కులూ కథానాయకుడి మార్కులూ పక్కపక్కన రాసుకుంటున్నాడనుకోండి. పాఠం ఇవ్వడానికి వాడికి అభ్యంతరం లేదు, ఆ చివరి పుట చూపించడానికి ప్రాణం ఒప్పదు. అప్పుడు మీ కాణిపాకం సన్నివేశానికి కూడా బలం వస్తుంది. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం ఆడకూడదన్న నమ్మకం మన జిల్లాలో పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చేది. 'కాణిపాకంలో ప్రమాణం చేస్తావా' అంటే ఎంత జగడమైనా ఒక్క క్షణం ఆగుతుంది. మీ రాతప్రతిలో వాడు ప్రమాణం చెయ్యకపోవడం నేరం ఒప్పుకున్నట్టుగా ఉంది. చివరి పుట ఉంటే అదే మౌనానికి వేరే అర్థం వస్తుంది. దాచలేదని వాడు అనలేడు. ఎందుకు దాచాడో చెప్పడం వాడి వల్ల కాదు. కథానాయకుడికి ఆ పుట సంగతి చాలా ఆలస్యంగా తెలియాలి. తెలిసిన రోజున అతని దగ్గర కూడా అటువంటి పుట ఒకటి ఉందని పాఠకుడికి గుర్తుకు రావాలి, అంటే దాన్ని మీరు రెండో అధ్యాయంలోనే చూపించి ఉండాలి.

పోటీ పదునెక్కడానికి మనుషుల గుణాలే కారణం కానక్కరలేదు, ఏర్పాటు కూడా కారణం అవుతుంది. మీ కథలో ఆ ఏర్పాటు కళ్లెదుటే ఉంది గాని మీరు వాడుకోలేదు. పదో తరగతిలో 600 మార్కులు, ఇంటర్ ఎంపీసీలో రెండేళ్లకు కలిపి 1000 మార్కులు. ఇద్దరూ బాగా చదివితే ఇద్దరికీ మంచి మార్కులు రావచ్చు, ఒకడి మార్కు ఇంకొకడి నుంచి తీసినది కాదు. ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే ఎంసెట్ అలా కాదు. ర్యాంకులో ఒకడు పైకి పోవాలంటే వేరొకడు కిందికి జరగవలసిందే. పల్లె బడిలో కలిసి చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలు తిరుపతిలో అడుగుపెట్టగానే ర్యాంకుల లోకంలో పడతారు. వారాంతపు పరీక్షను బట్టి సెక్షన్లు మార్చే కళాశాలలో ఒక సోమవారం ఉదయం ఒకడు పుస్తకాల సంచి తీసుకుని పై అంతస్తుకు పోవడం చాలు. ఎవరూ ఎవరికీ ద్రోహం చెయ్యలేదు, అయినా మధ్యాహ్నం అన్నం వేరు వేరు వేళల్లో తినవలసి వచ్చింది. దాచిపెట్టిన నోట్సు కంటే ఈ అన్నం వేళ పాఠకుణ్ణి ఎక్కువ కలచివేస్తుంది. సందర్భం వచ్చింది కనుక రెండు చిన్న దిద్దుబాట్లు: ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరీక్ష ఈఏపీసెట్‌గా మారింది 2021లో, కాబట్టి మీ పిల్లలు రాసేది ఎంసెటే. అలాగే తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. మీ మూడో అధ్యాయంలో కండక్టరు నోట వచ్చిన 'తిరుపతి జిల్లా' తీసెయ్యండి.

పోటీ అనగానే ఒకరు ఇంకొకరికి చేసిన హాని గుర్తుకు వస్తుంది. నా అనుభవంలో హాని కన్నా బాకీ బలమైన పనిముట్టు. కొన్నేళ్ల క్రితం మా కార్యశాలకు వచ్చిన ఒక అమ్మాయి హాస్టల్లో ఉండే ఇద్దరు బైపీసీ విద్యార్థినుల కథ రాసింది. అందులో పరీక్ష ముందురోజు స్నేహితురాలు కథానాయిక జువాలజీ రికార్డును చించేస్తుంది. కథ చదివి అందరూ తల ఊపారు, ఎవరికీ ఏమీ అనిపించలేదు. రికార్డు చించకుండా ఇదే కథ చెప్పగలవా అని అడిగాను. వారం తరువాత ఆమె తెచ్చిన కథలో కథానాయికకు జ్వరం వస్తుంది, స్నేహితురాలు రాత్రి కూర్చుని ఆమె రికార్డులో మిగిలిపోయిన బొద్దింక నోటి భాగాల బొమ్మ వేసిపెడుతుంది. పరీక్షకు బయటి నుంచి వచ్చిన అధ్యాపకుడు పుటలు తిప్పుతూ ఆ బొమ్మ దగ్గర ఆగి, "చాలా బాగా వేశావమ్మా" అంటాడు. పక్క బల్ల దగ్గర స్నేహితురాలు తల ఎత్తదు. కథానాయిక "థాంక్యూ సార్" అంటుంది. ఆ రెండు మాటల తరువాత ఆ ఇద్దరి మధ్య ఏదీ మునుపటిలా ఉండదని వేరే చెప్పనక్కరలేదు. మేలు చేసినవాళ్లను క్షమించడం పిల్లలకే కాదు, పెద్దలకూ కష్టం.

తెలుగులో రాసేవారికి ఒక గొప్ప సౌకర్యం ఉంది, దాన్ని మీరు వదులుకుంటున్నారు. అది పిలుపు. మీ నవల పొడవునా ఇద్దరూ ఒకరినొకరు 'రా' అనే పిలుచుకున్నారు. చిత్తూరు వైపు పిల్లల నోట వరసగా వచ్చేవి 'ఒరేయ్', 'మచ్చా', 'మామా'. స్నేహం వడలిపోతున్నప్పుడు ముందుగా రాలేది ఇవే. 'ఏమిరా చేస్తా ఉండావు' అనేవాడు ఒకరోజు 'ఏం చేస్తా ఉండావు' అంటాడు. తిట్టలేదు, అలగలేదు, ఒక్క 'రా' పోయింది. పన్నెండేళ్ల తరువాత ఏదో కార్యాలయంలో ఎదురుపడి, బల్లకు అవతల కూర్చున్నవాడు 'బాగున్నారా' అంటే, ఆ బహువచనం పక్కన పోట్లాట సన్నివేశం ఎంత పెద్దదైనా చిన్నబోతుంది. ద్రోణుడి కథలో కూడా నిప్పు అంటుకున్నది పిలుపు దగ్గరే. ఇంకొక సంగతి, మీ ఇద్దరు పిల్లల తల్లులను కూడా ఇలాగే గమనించండి. కొడుకు స్నేహితుణ్ణి గడపలో చూడగానే 'తిన్నావా నాయనా' అని అడిగే తల్లి, ఫలితాలు వచ్చిన వారం 'నీకెన్ని వచ్చినాయి' అని ముందు అడుగుతుంది. ఆమె చెడ్డది కాదు. ఇంట్లో కొడుకును చూసి 'వాణ్ణి చూసి నేర్చుకో' అని రోజూ అనేది కూడా ఆమే. నిజానికి మన ఊళ్లలో పోటీ ఇద్దరు పిల్లల మధ్య కన్నా రెండు వంటిళ్ల మధ్య ముందు మొదలవుతుంది.

ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. నేను ఇంతవరకూ చెప్పినదంతా కొలుచుకోగల దూరంలో ఉన్న ఇద్దరికి వర్తిస్తుంది. మీ నాలుగో అధ్యాయంలో రెండోవాడు కథానాయకుడి ఇంటికి వస్తే అతనికి నీళ్లు వసారాలో, వేరే గ్లాసులో ఇచ్చినట్టు ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని రాసి దాటిపోయారు. ఆ గ్లాసు ఉన్న కథలో ఇద్దరినీ సమానమైన పోటీదారులుగా నిలబెట్టడం న్యాయం కాదు. అక్కడ కథానాయకుడికి పోటీగా కనిపించేది, అవతలివాడికి బతుకు. అలాంటివాడు నోట్సు దాచుకుంటే దాన్ని అసూయ అనడానికి పాఠకుడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. గ్లాసు మీ కథకు అవసరమైతే దాని చుట్టూ నవలను మళ్లీ కట్టండి. ఆ తల్లి అలా ఇస్తుంటే చూస్తూ ఊరుకున్న కొడుకు ఎదగడమే అప్పుడు మీ నవల. అవసరం లేదనుకుంటే ఆ వాక్యాన్ని తీసెయ్యండి. ఏదో వాస్తవికత కోసమని మధ్యలో అలా వదిలేయడం మాత్రం తగదు.

ఇక మీరు అడిగిన ముగింపు. కలపాలా, విడదీయాలా అన్న ప్రశ్న రచయితను తప్పుదారి పట్టిస్తుంది. కలిపితే సుఖాంతం, విడదీస్తే వాస్తవికం అని కార్యశాలల్లో కూడా ఒక పట్టింపు ఉంది. నాకు రెండింటి మీదా పెద్ద గౌరవం లేదు. ఎదగడమంటే ఆ కొలబద్ద అవసరం తీరిపోవడం. అది తీరిన తరువాత ఇద్దరూ స్నేహితులుగా మిగలవచ్చు, ఏడాదికొకసారి పెళ్లిళ్లలో కలిసేవారుగా మిగలవచ్చు. ఆ కొలత ఆగిపోయిన క్షణాన్ని పాఠకుడికి చూపించగలిగితే తరువాత ఏం జరిగినా అతను నమ్ముతాడు.

మీ అలిపిరి దారి మంచి చోటే. దాదాపు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరాడనివ్వని ఎక్కుడు, ఆ తరువాత చాలా దూరం నడక తేలిక, చివర మోకాళ్ల పర్వతం. ఇంత చక్కని దారిని ఇచ్చిన కొండ ఉండగా మీరు రాజీని దర్శనం అయ్యాక, లడ్డూ చేతికి వచ్చాక పెట్టారు. అక్కడ దేవుడి మహిమ ముందు పిల్లల మాటలు వినిపించవు. రాజీ మాటలను మొత్తంగా కొట్టేసి, కథానాయకుడి తల్లిని వాళ్లతో పంపండి. కొడుకు ర్యాంకు కోసం మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెడతానని ఆమె మొక్కుకుని ఉంది. గాలిగోపురం చేరేసరికి ఆమెకు నడుము వంగడం లేదు. కొడుకు సిగ్గుతో నాలుగు మెట్లు ముందు పోతున్నాడు, ఎవరైనా చూస్తారేమోనని. రెండోవాడికి ఆ ఏడాది ర్యాంకు రాలేదు. పసుపు పొట్లం మాత్రం వాడి చేతిలో ఉంది. ఆమె వేలు చాచినప్పుడల్లా వాడు వంగి పొట్లం కిందికి పట్టుకుంటున్నాడు. మోకాళ్ల పర్వతం మొదట్లో కథానాయకుడు వెనక్కి తిరిగి చూస్తాడు. వాడి అరచేతులు రెండూ పచ్చగా ఉన్నాయి. అక్కడి నుంచి కొడుకు కిందికి దిగివచ్చి కుంకుమ పొట్లం అందుకుంటాడా, లేక చూసి మళ్లీ ముందుకు తిరుగుతాడా అన్నది మీ కథానాయకుణ్ణి బట్టి మీరు తేల్చుకోవలసిన సంగతి. ఏది రాసినా వాళ్లను కొండ పైకి చేర్చకండి, నవలను ఆ మెట్ల మీదే ఆపండి.